కమిల్లా కడపటి మాట

యుద్ధచిత్రములలో నేలకొరగిన వీరుని జూచి జాలిపడుట సహజము. రోమను కవి వర్జిల్ రచించిన ఈనియడ్ కావ్యమునందలి కమిల్లా మరణమును దెలుపు పటములను జూచునపుడు మాత్రము నాకు జాలికంటె గౌరవమే మిక్కుటముగ గలుగును.

ప్రజలచే తరుమబడిన తండ్రి మెటాబసు, పసిబిడ్డయగు ఆమెను ఈటెకు గట్టి అమసీనస్ నది యావలి యొడ్డునకు విసరి కాపాడెను. ఈటెచే దక్కిన ప్రాణము ఈటెచేతనే పోయెను. స్వర్ణాయుధధారియగు క్లోరియసును వెంటాడుచు ఆమె యేమరియుండ, అర్రున్సు పొంచియుండి కొట్టెను.

1502లో స్ట్రాస్‌బర్గున అచ్చయిన వర్జిల్ గ్రంథపు చెక్కబొమ్మలలో వీరులు ఆనాటి ఐరోపా కవచములు దాల్చిరి. వేషమెట్లున్నను, చిత్రకారుడు ఈటెను, నెత్తురును చూపగలడు. ఆమె కడపటి మాటను చూపజాలడు. నగరరక్షణమునకు రమ్మని సేనాని టర్నసునకు చెలికత్తెచేత వార్త నంపెను. ఆ వార్తలో తన్ను గూర్చి యొక్క మాటయు లేదు. నా గౌరవమునకు గారణ మదియే.