ఫ్యాన్ ఆగినప్పుడు

మా పడగ్గది ఫ్యాన్ రాత్రంతా కిర్రుకిర్రుమంటుంది. ఆ రొద నన్నెప్పుడూ లేపలేదు. కరెంటు పోయి అది ఆగిందా, చటుక్కున మెలకువ! లేని చప్పుడును విన్నదెవరు?

1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, సహచరులతో కలిసి, ఇలాంటి సంగతినే మెదడు తరంగాల్లో పట్టుకున్నాడు. ఒకే 'టింగ్' పదేపదే వినిపిస్తూ మధ్యలో శ్రుతి కాస్త మార్చిన 'టింగ్' ఒకటి వేస్తే, సెకనులో ఐదో వంతుకు అటూ ఇటూగా మెదడు ఉలిక్కిపడుతుంది. మనిషి పుస్తకంలో మునిగి ఉన్నా సరే. కోమా రోగిలో ఈ ఉలికిపాటు కనబడితే, తెలివి రావచ్చని డాక్టర్లకు ఆశ.

అంటే అలవాటైన మోతను మెదడు వదిలేయదు. తరవాతి కిర్రు కోసం కాచుక్కూచుంటుంది. ఫ్యాన్‌కి నూనె వేయించమని ఇంట్లో ఒకటే పోరు. నాకేమో, ఎందుకో, చెయ్యి రావడం లేదు.