చప్పుడు విని బండి కొనకండి!

2018లో ‘ఆర్‌ఎక్స్ 100’ సినిమా వచ్చింది. దర్శకుడు అజయ్ భూపతి, హీరో కార్తికేయ. ఆ సంగతి మీకు నేను చెప్పాలా! కాని ఒక్కటి గమనించారా? ఆ సినిమాకి పేరిచ్చిన యమహా బండి మన దేశంలో 1985లో పుట్టింది, పొగ నిబంధనలు బిగించడంతో 1996లో ఆగిపోయింది. హాల్లో ఈలలేసిన కుర్రాళ్లలో చాలామంది పుట్టకముందే దాని కథ ముగిసిందన్నమాట. అయినా మోజు తీరలేదు. సినిమా వచ్చాక మరీ ముదిరింది!

మన ఊళ్లలో స్పోర్ట్స్ కార్లు కొనే స్తోమత ఎందరికుంది? వేగం మీద మనసుపడ్డ కుర్రాడు సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ కోసమే వెతుకుతాడు. నేనూ నడిపాను గనుక చెబుతున్నా, ఆ మోజులో తప్పేమీ లేదు. ఇంజను 98 సి.సి.యే, 11 గుర్రాల బలం. కాని బండి బరువు నూరు కిలోలకి కాస్త ఎక్కువ, అంతే. పైగా టూస్ట్రోక్. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకోసారి మండే పెట్రోలు ఇందులో చుట్టుకోసారి మండుతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే ఎవరో చెయ్యి పట్టుకు లాక్కుపోయినట్టుంటుంది. ఇక ఆ చప్పుడంటారా... అబ్బో!

ఇదంతా తెర మీది బొమ్మ. తెర వెనక సంగతి వేరు.

పోయిన వేసవిలో మా చిన్నాయన కొడుకు ‘కొంటే ఆర్‌ఎక్సే కొంటా’ అని భీష్మించాడు. వాడికి తోడు నేను బయల్దేరాను.

మొదట జనగామ. బండి పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. తమ్ముడు అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు! నేను ఆగమని, హెడ్ విప్పించమన్నాను. అమ్మేవాడు నసిగి నసిగి విప్పించాడు. పిస్టన్ నెత్తిన ‘1.00’ అని గుద్ది ఉంది. కంపెనీ ఇచ్చిన బోరు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచి పెద్ద పిస్టన్ వేస్తారు. 1.00 అంటే ఆఖరు మెట్టు. ఈసారి అరిగితే బ్లాకు సంగతే చూసుకోవాలి. దానికితోడు ఆయిల్ పంపు పీకేశారు. విడి ట్యాంకులోంచి ఇంజనుకి తనంతట తాను ఆయిలందించే పంపది. అది లేకపోతే ప్రతిసారీ పెట్రోల్లో మనమే ఆయిలు కలపాలి. ఒకనాడు మరిచిపోయామా, పిస్టన్ పట్టేసి నడిరోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుపోతుంది!

రెండోది మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో. ఇంజను బంగారం! కాగితాలు చూపించమన్నాను. ఆర్‌సీలో పేరున్న మనిషి కాలంచేసి ఏళ్లయింది. ఆ తరవాత బండి మూడు చేతులు మారింది.

“సంతకం పెట్టిన ఫారాలున్నయన్నా, ఏం ఫికర్ లేదు” అన్నాడు అమ్మేవాడు.

ఫికరే ఉంది! మామూలు అమ్మకానికి 29, 30 నంబరు ఫారాలు. యజమాని పోతే వారసులు ముందు 31 పెట్టుకోవాలి. పోయినవాడి సంతకంతో బండి మన పేరు మీదికి ఎలా వస్తుంది? పైగా పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. దానికి అదీ లేదు.

మూడోది భూపాలపల్లిలో, సింగరేణిలో చేసి రిటైరైన ఓ పెద్దాయన దగ్గర. రంగు వెలిసిపోయింది. అయితేనేం, పంపుంది, పిస్టనుకి ఇంకా రెండు మెట్లున్నాయి, ఆర్‌సీ ఆయన పేరు మీదే, గడువూ ఉంది. తమ్ముడు ఓ చుట్టు కొట్టొచ్చి డబ్బు తీశాడు. పెద్దాయన తాళం ఇవ్వలేదు.

“ముందుగాల పేరు మార్చుకో బిడ్డా. నా పేరు మీదున్నన్ని దినాలు నువ్వు ఎవ్వరికి గుద్దినా జవాబు నేనే చెప్పాలె.”

అక్షరాలా నిజం. 2018లోనే సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చేసింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టర్లో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతని మీదే పడుతుంది. అంచేత పేరు మారందే తాళం ఇవ్వనన్నవాడి దగ్గరే ధైర్యంగా కొనొచ్చు.

“ఇంకోటి. దీనికి ఉరుకుడు వచ్చు గని ఆగుడు అంతగ రాదు. బ్రేకులు చూస్కో” అన్నాడాయన.

అవును మరి, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. ఇప్పటి బండ్లకుండే డిస్కులూ ఏబీఎస్సూ దీనికి లేవు. సినిమాలో హీరోకి డూపుంటాడు. మనకెవరుంటారు?

కాబట్టి మిత్రులారా, చూసే వరస ఇదీ: ముందు కాగితం, తరవాత బ్రేకు, ఆ తరవాత పిస్టను. చప్పుడు ఆఖర్న వినండి, అదెక్కడికీ పోదు. పేరు మారేదాకా మా తమ్ముడు మూడు వారాలు ఓపిక పట్టాడు. తాళం చేతికొచ్చాక స్టిక్కర్ల జోలికి పోకుండా వాడు మొదట కొన్నవి ఏమిటో తెలుసా? రెండు జతల బ్రేకు షూలు!