శ్రీమతి అనే కాలమ్

నాన్న వాళ్ళ బ్యాచ్‌కి వార్తాహరుడు నాన్నే. 1970లో కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన ఎలక్ట్రికల్ వాళ్ళు. చేరినప్పుడు ఆ కాలేజీ ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేది, 1972లో జేఎన్‌టీయూ పుట్టాక దాని కిందికి వెళ్ళింది. ఆ వెంటనే జై ఆంధ్ర ఉద్యమం. కాలేజీ మూతపడి అందరూ ఊళ్ళకి పోతే, క్లాసులు మళ్ళీ ఎప్పుడో, ఎవడెక్కడ ఉన్నాడో కార్డుల మీద రాసి పంపింది నాన్న. ఇల్లు కాకినాడలోనే కాబట్టి ఆ పని ఆయన మీద పడింది. యాభై ఏళ్ళైనా దిగలేదు. కార్డులు పోయి ఎస్టీడీ బూత్, అదీ పోయి వాట్సాప్ వచ్చాయి, అంతే తేడా.

ఆయన నెలకోసారి గ్రూప్‌లో పెట్టే సమాచారానికి అచ్చుతప్పులు దిద్దేది నేను. ఒకరికి కుడి మోకాలి ఆపరేషన్ సవ్యంగా జరిగింది, ఎడమది దసరా తర్వాత. ఒకరి మనవరాలికి మెడిసిన్ సీటొచ్చింది. ఇంకొకరు డాలస్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చారు, అక్కడ ఏమీ తోచలేదట. పోయినవాళ్ళ గురించి మాత్రం ఒకటే వాక్యం: "మన మిత్రుడు ఇక లేడని తెలియజేయుటకు చింతిస్తున్నాను." మిగతాదంతా వాడుక భాషలో రాసే మనిషి, అక్కడికొచ్చేసరికి గ్రాంథికంలోకి వెళ్ళిపోతాడు. మొదట్లో దిద్దేవాణ్ణి. తర్వాత మానేశాను.

2025కి వాళ్ళు కాలేజీ నుంచి బయటికొచ్చి 50 ఏళ్ళు. కాకినాడలో కలుద్దామనుకున్నారు. పిలుపులకి లిస్టు తయారుచేసే పని నాకొచ్చింది. నాన్న దగ్గర బైండు పుస్తకం ఒకటి ఉంది. దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను: రోల్ నంబర్, పేరు, ఊరు, ఫోన్, శ్రీమతి, పిల్లలు. మొత్తం 58 వరసలు. పుస్తకంలో 19 పేర్ల పక్కన నాన్న ఎర్ర ఇంకుతో చుక్క పెట్టాడు. ఆ 19 వరసలూ తీసేసి, పేర్లు మాత్రం నివాళి పేజీకి మార్చాను. ఫిల్టర్ పెట్టి డిలీట్ కొట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది, "ఒరే, మోతుగూడెం వదినగారికి పిలుపెళ్ళిందా?"

"అంకుల్ లేరు కదమ్మా. నాలుగేళ్ళైంది."

"ఆయన లేరు. ఆవిడ ఉందిగా."

డేటాబేస్‌లో క్యాస్కేడ్ డిలీట్ అని ఒకటుంటుంది. ఒక వరస తీసేస్తే, దాని మీద ఆధారపడిన వరసలన్నీ వాటంతటవే పోతాయి. ఆఫీసులో అది పెట్టేముందు పదిసార్లు ఆలోచిస్తాం, ఇద్దరి చేత చూపిస్తాం. ఇక్కడ ఆలోచించకుండానే చేసేశాను. కథలో ఒక పాత్ర పోతే ఆ ఇంట్లో మిగతావాళ్ళు ఏమయ్యారని రివ్యూల్లో రచయితల్ని నిలదీసినవాణ్ణి నేనే.

మోతుగూడెం అంటే దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం వాళ్ళ కాలనీ ఉన్న ఊరు. చుట్టూ అడవి. నాన్నకి ఎలక్ట్రిసిటీ బోర్డులో అక్కడ పోస్టింగ్ ఉన్నప్పుడు అక్క అమ్మ కడుపులో ఉంది. నాన్న నైట్ షిఫ్ట్‌లో ఉండగా నొప్పులొస్తే, అమ్మని జీపెక్కించి భద్రాచలం దాకా ఒళ్ళో తల పెట్టుకుని తీసుకెళ్ళింది ఆంటీయే. తర్వాత పాల్వంచ క్వార్టర్స్‌లోనూ పక్కపక్కనే. అమ్మ కాకినాడ కాలేజీ గడప తొక్కలేదు. కానీ ఆ బ్యాచ్‌లో ఎవరింట్లో ఎవరికి ఏ బాధ ఉందో నాన్నకంటే తనకే ఎక్కువ తెలుసు. నాన్న నెలవారీ వార్తల్లో సగం అమ్మ ఫోన్లో సేకరించినవే. ఆ సంగతి అచ్చుతప్పులు దిద్దే నాకు కూడా తట్టలేదు.

లిస్టులో ఉన్నది అంకుల్ నంబర్. చేస్తే అది మనుగడలో లేదంది. బ్యాంకుకీ గ్యాస్‌కీ గ్రూప్‌కీ ఆ ఇంటికి ఉన్నది అదొక్కటే. ఆయన పోయాక రీచార్జ్ చేసేవాళ్ళు లేక ఆగిపోయింది. చివరికి బీరువాలో వాళ్ళమ్మాయి శుభలేఖ వెతికి, అందులో అల్లుడివాళ్ళ నంబర్ పట్టుకుని, వాళ్ళ ద్వారా ఆంటీని దొరకబుచ్చుకున్నాం. బెంగళూరులో కూతురి దగ్గర ఉంటోంది.

స్పీకర్ పెట్టాం. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్కొక్కరి పేరూ చెప్పి అడగడం మొదలుపెట్టింది. ఫలానా వాళ్ళ చిన్నమ్మాయికి సంబంధం కుదిరిందా? ఆ అమ్మాయి కొడుకు ఇప్పుడు నర్సరీకి వెళ్తున్నాడు. పాల్వంచలో మేడ మీద ఉండే వదినకి షుగర్ తగ్గిందా? అమ్మ నా వైపు చూసింది. ఆవిడ పోయి రెండేళ్ళు.

ఆ కబురు చెప్పాక అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆంటీ అంది: "ఆయనతో పాటు మీరందరూ కూడా పోయినట్టే అయింది వదినా, నాకు."

నాన్న కుర్చీలో కూర్చుని వింటున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పక్క గదిలోకెళ్ళి బైండు పుస్తకం పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. "ఆ పంతొమ్మిదీ మళ్ళీ ఎక్కించు" అన్నాడు.

ఎక్కించాను. అంకుల్ పోయాక కరెంటు సంస్థ ఆంటీకి ఫ్యామిలీ పెన్షన్ ఇస్తోంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడిగి మరీ ఆవిడ ఉందో లేదో కనుక్కుంటోంది. ఆ పాటి వాకబు కూడా మేం చెయ్యలేదు. పంతొమ్మిది ఇళ్ళలో పదకొండు మంది ఆంటీలు దొరికారు. ఇద్దరు పోయారని అప్పుడే తెలిసింది. మిగతావాళ్ళ జాడ ఇంకా తెలియలేదు. కాకినాడకి నలుగురు వచ్చారు. మోతుగూడెం ఆంటీ రాలేకపోయింది, నడుం నొప్పి. వీడియో కాల్‌లో గంటన్నర ఉంది.

ఆ రోజు లిస్టు సరిచేస్తుంటే అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, స్క్రీన్ మీదికి వంగి మా వరస చూసింది. నాన్న పేరు, నాన్న ఫోన్. శ్రీమతి కాలమ్‌లో తన పేరొక్కటే.

"నా ఫోన్ నంబర్ కూడా వెయ్యరా" అంది.

నాన్న ఏమీ అనలేదు. అమ్మ అంకెలు చెప్పింది, నేను కొట్టాను. చివరి నాలుగూ తప్పు పడతాయేమోనని రెండోసారి కూడా చెప్పింది.