రామప్పలో వంగిన మోకాలు

నిడమనూరులో కారెక్కేసరికి ఇంకా తెల్లారలేదు. సాగర్ ఎడమ కాలువ కింది పొలాలు చీకట్లో కప్పల అరుపులుగానే తెలుస్తున్నాయి. నాట్యం నేర్చుకుంటున్న మేనకోడలు రామప్ప గుడి చూపించమని మూడేళ్లుగా నా ప్రాణం తీస్తోంది. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక వాసన దాటాక నోరు విప్పింది.

"మామా, హవాయిలో డ్యాన్సుకు గుడి ఉందంట గదా?"

ఉంది. కవాయి దీవిలో, మకానా కొండ కింద, సముద్రం ఒడ్డున. పేరు కా ఉలు ఆ పావోఆ. అక్కడి హులా నాట్యం నేర్చేవాళ్లు లాకా దేవతను కొలిచే చోటు.

"బొమ్మలుంటయా?"

ఉండవు. మెట్లుమెట్లుగా పేర్చిన రాళ్ల అరుగులే.

సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఆగాం. 1202 నాటి నామేశ్వరాలయం, 1208 నాటి ఎరకేశ్వరాలయం అక్కడున్నాయి. అది రేచర్ల వాళ్ల ఊరు, రామప్ప కట్టించిన రుద్రుడూ రేచర్లవాడే. దారిలో పడిందని చెప్పాను గానీ, పనిగట్టుకుని పడేసింది నేనే.

తొర్రూరు, వరంగల్, ములుగు దాటి, రామప్ప ఉన్న పాలంపేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెప్పులు విడిచి, కాలుతున్న బండల మీద ఇద్దరం పరుగందుకున్నాం. చూసేవాళ్లకు అదే మొదటి నాట్యం.

లోపల చల్లగా ఉంది. 1213లో నిలిపిన గుడి. రంగమంటపం చుట్టూ దూలాల మీద, స్తంభాల మీద ఆడేవాళ్లు, వాయించేవాళ్లు. బయట చూరు కింద నల్లరాతి మదనికలు. ఒకామె కాళ్లకు ఎత్తుమడమల చెప్పులు! ఇది చూపించకుండా ఏ గైడూ వదలడు.

ఈ ఆటలకు గ్రంథమూ ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుడి ఏనుగుల దళాన్ని నడిపిన జాయప సేనాని 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఏనుగులను తోలిన మనిషి అడుగుల లెక్క కట్టడం నాకెప్పటికీ వింతే. తర్వాత, కాకతీయుల నాటి పేరిణి నాట్యం ఆడేవాళ్లే కరువయ్యారు. ఇరవయ్యో శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పట్టుకుని దానికి మళ్లీ ఊపిరి పోశారు. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య కదలిక ఎలా ఉండేదో రాయి చెప్పదు. ఆ ఖాళీ ఆయనే పూరించుకోవాలి. ఇది కాకతీయుల నాటి పేరిణేనా అని అడిగేవాళ్ల మీద అందుకే నాకు కోపం రాదు.

హులా కథ వేరు. హవాయిలో 1830లో రాణి కాఅహుమాను హులాను బహిరంగంగా ఆడకూడదంది. అయినా గురువు నోటి నుంచి శిష్యుడి ఒంటికి అది పాకుతూనే వచ్చింది. 1880ల్లో రాజు కలాకౌవా దాన్ని మళ్లీ కొలువుకు తెచ్చాడు. అక్కడ మనుషులు దాచుకున్నదాన్ని ఇక్కడ రాతిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

మేనకోడలు మాత్రం ఒక్క పలక దగ్గరే కూలబడింది.

"మామా, ఇటు చూడు. మద్దెల వాయించెటోడి మోకాళ్లు కూడా వంగినయ్. వాడు గూడ ఆడుతుండు!"

నిజమే. ఇన్నిసార్లు వచ్చినా నా కన్ను నర్తకి మీదే ఉండిపోయింది. ఆ పిల్ల లేచి, సంచీ నా చేతిలో పెట్టి, మద్దెలవాడిలా మోకాళ్లు వంచి నిలబడింది.

"ఇంకొంచెం వంగాల్నా?"

బొమ్మను, పిల్లను మార్చి మార్చి చూశాను.

"ఎడమది. కొంచెం బయటికి."