తరగతికొక నకలు

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. అందులో తప్పు నాదే.

మా బడిలో పరీక్షల టైంటేబులు ఆఫీసు గది గోడకు మాత్రమే అంటించేవాళ్ళం. గంట కొట్టగానే పిల్లలంతా అక్కడికే ఎగబడేవారు. ఒకనాడు ఆ తోపులాటలో ఆరో తరగతి కుర్రవాడు పడి, మోకాలు చీరుకున్నాడు. మర్నాడే నకళ్ళు రాయించి, తరగతికొకటి అంటించాను. రద్దీ మాయమైంది.

మీరు తెరిచే వెబ్‌సైట్లకూ ఇదే చిక్కు ఉంది. వాటిలోని రాతలూ, బొమ్మలూ సర్వరు అనే కంప్యూటరులో ఉంటాయి. అది అమెరికాలో, బోస్టను నగరంలో ఉందనుకుందాం. హైదరాబాదు నుంచి అక్కడికి 12 వేల కిలోమీటర్ల పైమాటే. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా వెళ్ళి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఇంతేనా అనకండి! ఒక్క పేజీ తెరవాలంటే ఇలాంటి రాకపోకలు ఎన్నో జరగాలి. పైగా లోకమంతా ఒకేసారి అడిగితే, పాపం, ఆ సర్వరు ఉక్కిరిబిక్కిరి అయిపోతుంది.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1995లోనే ఈ రద్దీని ఊహించి, అమెరికాలో తాను పనిచేసే ఎం.ఐ.టి. విద్యాసంస్థలో తోటివారిని ఉపాయం అడిగారు. అక్కడి ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన శిష్యుడు డానియల్ లూయిన్ గణితం సాయంతో దారి కనిపెట్టి, 1998లో అకమై అనే కంపెనీ పెట్టారు. ఉపాయం ఏమిటంటారా? ఊరూరా నకళ్ళు! మీరు అడిగినది మీకు దగ్గరలో ఉన్న సర్వరే ఇస్తుంది. అది పాడైతే మరొకటి అందుకుంటుంది. ఈ ఏర్పాటునే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అంటారు.

ఇక నా తప్పు సంగతి. ఆ ఏడాదే టైంటేబులు మారింది. నకళ్ళన్నీ మార్పించాను గాని, ఎనిమిదో తరగతి గదిని మరిచిపోయాను. పాపం, వాళ్ళు తెలుగు చదువుకుని వచ్చారు. చేతికి లెక్కల ప్రశ్నపత్రం అందింది! ఆ ముఖాలు నాకింకా గుర్తే. నేను వాళ్ళను క్షమించమని అడిగి, ఆ పరీక్ష మరోనాడు పెట్టించాను.

సర్వర్లు ఇలా మోసపోకుండా ప్రతి నకలుకూ ఒక గడువు పెడతారు. గడువు తీరగానే నకలు ఉన్న సర్వరు, "ఏమైనా మారిందా?" అని అసలు సర్వరును అడుగుతుంది. మారితే కొత్తది తెచ్చుకుంటుంది. క్రికెట్ స్కోరుకు గడువు సెకన్లలో ఉంటే, మారని బొమ్మకు నెలల తరబడి ఉండవచ్చు.

ఈసారి మీ తరగతి గోడమీద నోటీసు కనిపిస్తే, దానిమీద తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే మీ మాస్టారిని అడగండి. ఆయన కోప్పడరు లెండి!