పిత్తాశయంలో అజ్ఞాతవాసం

మన భాషలో పిత్తానికి ఉన్నంత అపకీర్తి శరీరంలోని మరే రసానికీ లేదు. ఎవరైనా అసందర్భంగా మాట్లాడితే పైత్యమంటాం, తల తిరిగినా పైత్యమే అంటాం. నిజానికి కాలేయంలో పుట్టే ఈ రసం లేనిదే మనం తిన్న నెయ్యి సరిగా జీర్ణం కాదు. ఆరోగ్యవంతుల పిత్తరసంలో సూక్ష్మజీవులు ఉండవని వైద్యులు సైతం చాలాకాలం భావించారు. అవి అక్కడ కాపురం పెట్టగలవని నాకు తెలిసినది 2009లో, గంగాతీరాన ఉన్న ఒక పట్టణానికి బదిలీపై వెళ్ళిన తరువాత.

నా శ్రీమతికి భోజనానంతరం కుడి డొక్కలో నొప్పి పుట్టి భుజం వరకు ప్రాకేది. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళున్నట్లు తేలింది. అరటిదూట రసం త్రాగించమని మా అత్తగారు ఊరినుండి ఫోను చేశారు. అది మూత్రపిండాలలోని రాళ్ళకు చెప్పుకునే చిట్కా. రెంటినీ రాళ్ళనే పిలవడంవల్ల వచ్చిన చిక్కు!

శస్త్రవైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న మమ్ములను విస్మయపరచింది: "ఎప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా?" వచ్చింది, పెండ్లికి పూర్వం. ఆయన ఓపికగా వివరించారు. జ్వరం తగ్గిన పిదప కూడా కొద్దిమందిలో ఆ క్రిములు పిత్తాశయంలో అజ్ఞాతవాసం చేస్తాయి. రాతిపై జిగురు పొర అల్లుకొని అందులో దాగుతాయి. మందులు ఆ పొరను ఛేదించడం కష్టం. న్యూయార్కులో వంటమనిషిగా ఉన్న మేరీ మాలన్ తనకు తెలియకుండానే ఇతరులకు టైఫాయిడ్ అంటించింది. 1907లో ఆమెను గుర్తించారు. పిత్తాశయం తీయించుకొనడానికి ఆమె అంగీకరించలేదు. రెండవమారు నిర్బంధంలో ఉండగా 1938లో మరణించింది. తనకు ఏ జబ్బూ లేదని కడదాకా ఆమె వాదన. పాపం, ఒంట్లో ఏ బాధా లేని మనిషి మరేమంటుంది?

కొన్ని క్రిములు రాళ్ళను ఆశ్రయించడమే గాక పుట్టిస్తాయి కూడా. ఈ-కోలై వంటివి పిత్తంలోని పసుపు వర్ణపదార్థాన్ని విడగొట్టగా, అది కాల్షియంతో కలిసి గోధుమరంగు రాయిగా మారుతుంది. ఇటువంటివి ఎక్కువగా పిత్తవాహికలలో ఏర్పడతాయి. ఏండ్ల తరబడి రాతి ఒరిపిడి, క్రిములు, వాపు కలిసి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. రాళ్ళున్నవారిలో అత్యధికులకు ఆ దుర్గతి పట్టదు. అయితే గంగామైదానంలో, విశేషించి స్త్రీలలో, పిత్తాశయ క్యాన్సర్ దక్షిణాదికంటే చాలా హెచ్చు. దానికి టైఫాయిడ్ ఒక్కటే కారణమనడం మాత్రం తొందరపాటు.

శస్త్రచికిత్స సులువుగానే జరిగింది. తీసిన తిత్తిని పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేవరకు పది రోజులు ఆఫీసులో ప్రతి కూడికా రెండేసిమార్లు సరిచూసుకున్నాను. దీర్ఘకాలపు వాపు తప్ప మరేమీ లేదని వ్రాశారు.

ఆ పది రోజులూ మా పిల్లలకు రొట్టెలు చేసిపెట్టిన పొరుగింటి ఇల్లాలికీ అదే నొప్పి. గ్యాసు బిళ్ళలతో నాలుగేండ్లు నెట్టుకొచ్చిందట. నా శ్రీమతి కోలుకొని ఆమెను వెంటబెట్టుకొని అదే వైద్యుని వద్దకు వెళ్ళేసరికి కన్నులు పచ్చబడ్డాయి. కణితి పిత్తవాహికను మూసివేసిందనీ, కోసి తీయడానికి వీలులేదనీ చెప్పారు. 2010 ఛఠ్ పండుగకు గంగలో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిచ్చినది ఆమె కోడలు.