ఐదు రోజుల వీసా, ఐదొందల కిలోమీటర్లు

ఐదు రోజుల్లో ఐదొందల కిలోమీటర్లు సైకిలు తొక్కగలరా మీరు? కొండలు లేవు, ఘాట్లు లేవు, నేలంతా చదునే. ఓస్ అంతేనా అంటున్నారా? అయితే ఇంకొంచెం వినండి. ఆ రోడ్డు ఉన్నది తుర్క్‌మెనిస్తాన్‌లో. ఆ దేశంలో రమారమి ముప్పాతిక భాగం కరాకుం ఎడారి.

ఇరాన్ నుంచి ఉజ్బెకిస్తాన్‌కి సైకిలు మీద పోయేవాళ్లకి దగ్గరి దారి ఈ దేశం మీదుగానే. కోవిడ్‌కి ముందు వాళ్ల చేతికొచ్చేది చాలావరకు ఐదు రోజుల ట్రాన్సిట్ వీసా. ఏ తేదీన, ఎక్కడ లోపలికి రావాలో, ఎక్కడ బయటికి పోవాలో అందులోనే రాసి ఉండేది. చాలామంది సరఖ్స్ దగ్గర వచ్చి ఫరాప్ దగ్గర పోయేవాళ్లు. మొదటి పూట కాగితాలకే సరి. గడువు దాటారా, జరిమానా కట్టించుకుని దేశం దాటించేసేవాళ్లు. పోయేదేమో ఈశాన్యానికి, గాలి వచ్చేదేమో ఉత్తరం నుంచి. రోజంతా ఎదురుగాలిలో తొక్కిన మోకాళ్లనడగండి, చదును నేల సంగతి అవే చెబుతాయి.

ఇంత హడావిడిలో దారి పక్కనే మెర్వ్ ఉంటుందండీ. నా బాధంతా ఇక్కడే. పన్నెండో శతాబ్దంలో ప్రపంచంలోని మహానగరాల్లో ఒకటది. యాకూత్ అనే భూగోళవేత్త అక్కడి గ్రంథాలయాల్లో చదువుకుంటూ ఉండిపోయాడు. ఆయన ఇంట్లో ఎప్పుడు చూసినా అరువు తెచ్చుకున్న పుస్తకాలు రెండు వందలకు తగ్గేవి కావట, చాలావాటికి హామీ సొమ్మైనా అడిగేవారు కారట! పుస్తకం మీద, మనిషి మీద అంత నమ్మకం ఉన్న ఊరిని 1221లో మంగోలులు నేలమట్టం చేశారు. సుల్తాన్ సంజర్ సమాధి, కీజ్ కలా మట్టిగోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వీసా భయంతో ఇవి చూడకుండా దాటిపోయినవాళ్లను తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే నా మాట ఒకటే. మెర్వ్‌కి ఒక పూట ఇచ్చేయండి. ఆ తర్వాత టైం చాలకపోతే సైకిలు లారీ ఎక్కించండి. ప్రతి కిలోమీటరూ తొక్కి తీరాలన్న పంతం నాకు నచ్చదు. తొక్కడం చూడ్డానికే కదా!

మెర్వ్ పక్కనున్న బైరామలీ దాటాక అసలు ఎడారి మొదలు. ఇసుక రోడ్డు మీదికే పాకి వస్తుంది. సాక్సౌల్ చెట్లుంటాయి గానీ వాటి ఆకులు మరీ చిన్నవి, నీడ మీద ఆశ పెట్టుకోవద్దు. నీళ్లు మాత్రం పది లీటర్లకు తగ్గకుండా మోయండి. ఎండాకాలం అసలు వద్దు, ఏప్రిల్ మేలు. లారీవాళ్లు ఆగే చాయ్‌ఖానా కనిపిస్తే గడియారం మరిచి కూర్చోండి. పాలు లేని పచ్చ టీ కూజా, తందూరులో కాల్చిన రొట్టె వస్తాయి. రొట్టెను మాత్రం బోర్లా పెట్టకండి, అక్కడ దాన్ని మర్యాద తప్పడంగా చూస్తారు.

తుర్క్‌మెనాబాద్ చేరితే అము దర్యా నది. 2017లో కొత్త వంతెన వచ్చేదాకా సైకిళ్లు, లారీలు అన్నీ తేలే వంతెన మీదుగానే దాటేవి. ఈ నది నీళ్లనే 1954లో తవ్వడం మొదలెట్టిన కరాకుం కాలువ పత్తి చేలకు మళ్లించింది, అటు ఆరల్ సముద్రం ఎండింది. వంతెన మీద కాసేపు ఆగి ఆ నీళ్లను చూడండి. ఫరాప్ ఇంకెంతో దూరం లేదు, గేటు మూసేలోగా చేరిపోతారు. అక్కణ్ణుంచి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా వంద కిలోమీటర్లు, అది మాత్రం తీరిగ్గా తొక్కుకోవచ్చు.